బొంగ్‌సిమ్ అవ్వ అతికించిన బ్రాకెట్

మా ప్రొఫెసర్ ప్యో గారి బల్ల మీద ఒక గాజు సీసా ఉంటుంది. ఒకప్పుడు అందులో తేనెలో ఊరిన నిమ్మతొక్కలు ఉండేవట. ఇప్పుడు ఊడిపోయిన బ్రాకెట్లున్నాయి. పళ్లను వరసలోకి తేవడానికి పంటికొకటి చొప్పున అతికిస్తారే, గోధుమగింజంత లోహపు ముక్కలు, అవి. ఏ రోగి పంటి మీంచి ఏది రాలినా చిన్న ప్లాస్టిక్ పొట్లంలో పడి ఆ సీసాలోకి పోవాల్సిందే. పొట్లం మీద తేదీ, దాన్ని అతికించిన వాళ్ల పేరు ఉండాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ చీటీలు రాసేది నేనే. నా పేరు మీహ్వా, క్వాంగ్జులో ఈ దంతాసుపత్రి పళ్ల వరస విభాగానికి పెద్ద నర్సుని. ఊళ్లో పేరుమోసిన డాక్టర్లు సగం మంది ఆ సీసాలో ఉన్నారు. సిటీ బస్సుల మీద వాళ్ల నవ్వు మొహాల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు నేను రాసిన చీటీలే గుర్తొస్తాయి.

ఆ సీసాతోపాటు ప్రొఫెసర్ గారు పెట్టిన ఇంకో ఆచారం ఉంది. మూడో ఏటి రెసిడెంటు స్పెషలిస్టు పరీక్షకి దరఖాస్తు చేసుకోవాలంటే దాని మీద ఆయన సంతకం కావాలి. సంతకం కావాలంటే ఒక రోగికి పైనా కిందా కలిపి ఇరవై బ్రాకెట్లు స్వయంగా అతికించాలి. నాలుగు వారాల తర్వాత ఆయన వచ్చి చూస్తారు. ఇరవైకి ఇరవై ఉండాలి. ఒక్కటి రాలినా ఆ ఏడు పరీక్ష లేదు, ఇంకో ఏడాది ఇక్కడే చాకిరీ. "తీగ వంచడం ఎవడికైనా నేర్పొచ్చు. అతికించడం ఓపికున్న వాడికే వస్తుంది," అంటారాయన. అనడమే కాదు, ఏడేళ్ల కిందట ఒకణ్ణి నిజంగానే ఆపేశారు. వాడు ఇప్పటికీ అదేదో అంటురోగమైనట్టు ఆ సీసాకి ఆమడ దూరంలో నడుస్తాడు.

ఈసారి వంతు బాన్ సొదంది. చేతులు బంగారం, గుండె మాత్రం పిచ్చుకది. ప్రొఫెసర్ గారు తుమ్మితే తనవల్లే జలుబు చేసిందేమోనని హడలిపోయే రకం. అక్టోబరు నుంచే పరీక్ష పత్యం మొదలుపెట్టింది. తన పుట్టినరోజుకని వాళ్లమ్మ ఫ్లాస్కులో పంపిన నాచు సూప్‌ని మూత తీసి వాసన చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని, నా ముందుకి తోసింది.

"నువ్వు తాగెయ్యక్కా."

"పుట్టినరోజున నాచు సూప్ తాగకపోతే నువ్వు పుట్టినట్టా, పుట్టనట్టా?"

"పుట్టడం ఎప్పుడో అయిపోయింది. పరీక్ష ఇంకా కాలేదు. జారేది తాగితే పరీక్షలో జారిపోతాను."

"నువ్వు సైన్సు చదివావా, సోది చదివావా?"

"రెండూ చదివాను. పరీక్షలప్పుడు రెండోదే పనికొస్తుంది."

సూప్ మాత్రం అద్భుతంగా ఉంది. నాకేం పరీక్షలున్నాయి గనక.

నవంబరు మొదటి వారంలో రోగుల చీటీలు వేశారు. సొదం తీసిన చీటీలో ఇలా ఉంది: గో బొంగ్‌సిమ్, అరవై ఎనిమిదేళ్లు, ఊరు చాంగ్‌ప్యోంగ్, వృత్తి యోట్ తయారీ. గదిలో అందరూ ఒక్కసారే నవ్వారు.

యోట్ సంగతి తెలిసిందే. అన్నంలో మొలకెత్తిన యవల పొడి కలిపి ఊరబెట్టి, రసం పిండి, రోజంతా కాచి, ఆ పాకం ముద్దను ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని జీడి లాగినట్టు లాగీ లాగీ తెల్లబరుస్తారు. చల్లారాక రాయి, నోట్లో పెట్టుకుంటే బంక. పళ్లకు బ్రాకెట్లున్న వాళ్లకి మేం ఇచ్చే 'తినకూడనివి' కాగితంలో మొట్టమొదటి పేరు అదే. పైగా నవంబరు. దేశంలో పిల్లలంతా కాలేజీ ప్రవేశ పరీక్ష రాసే నెల. సీటుకి గట్టిగా అంటుకోవాలని ప్రతి పిల్ల చేతిలోనూ, పిల్లాడి చేతిలోనూ ఎవరో ఒకరు యోట్ పొట్లం పెట్టే నెల. అంటే యోట్ చేసేవాళ్లకి ఊపిరాడని నెల.

"పాలకుండకి పిల్లిని కాపలా పెట్టినట్టే," అన్నాడు రెండో ఏటి రెసిడెంటు టాక్. "సొదమక్కా, వచ్చే ఏడు కూడా మనం కలిసే భోంచేద్దాం."

"నీ నోట్లో ఉప్పుచేప పెట్టా," అంది సొదం. అంత మాట తను అనడం అదే మొదటిసారి.

బొంగ్‌సిమ్ అవ్వ వచ్చింది. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే గదిలోకి వచ్చింది, అలాగే కుర్చీలో పడుకుంది. చెయ్యి తియ్యవా అవ్వా అంటే, చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది. మాట్లాడటం అంటే మామూలు మాట్లాడటం కాదు. ఆవిడ నోటికి మూత ఉందిగానీ మాటకి లేదు.

"పదేళ్లప్పుడు బళ్లో ఫొటో తీశారు తల్లీ. ఆ ఫొటో ఆయన ఏమన్నాడంటే, 'ఆ చివర పిల్లని నోరు మూసుకోమనండి' అన్నాడు. ఇదిగో, ఈ పన్ను చూసి. అప్పుడెత్తిన చెయ్యి మళ్లా దించలా."

పైవరసలో ఎడమవైపు, ముందు పన్ను పక్కది, మిగతావాటికి వెనగ్గా, అలిగి గోడవైపు తిరిగి కూర్చున్న పిల్లలా ఉంది.

"యాభై ఎనిమిదేళ్లు ఊరుకున్నావు కదవ్వా," అన్నాను. "ఇప్పుడేం ముంచుకొచ్చింది?"

"యోట్ లాగేటప్పుడు రెండు చేతులూ అందులోనే ఉంటయ్యి గదా అమ్మాయ్. ఎదురుగా మా చెల్లెలు కూచుంటుంది. అది పుట్టడమే వాగుతూ పుట్టింది. ఒకటే నవ్వొచ్చే మాటలు చెప్తది. నోటికి అడ్డం పెట్టుకోడానికి నాకు చెయ్యేది? నవ్వంతా మింగుతున్నా. యాభై ఏళ్లు నవ్వు మింగితే ఏమవుద్దో తెల్సా? కడుపుబ్బరం. పొయ్యేలోపల యోట్ లాగుతా ఒక్కసారి నోరారా నవ్వాల. అంతే నాకు కావాల్సింది."

సొదం అప్పటిదాకా సంతకం కోసమే చేస్తోంది. ఆ మాట విన్నాక ఆవిడ కోసం కూడా చేయడం మొదలుపెట్టింది. నాకు మనుషుల మొహాలు తెలుస్తాయి, ముఖ్యంగా సగం మొహం మాస్కులో ఉన్నప్పుడు.

అతికించిన రోజు నాకు బాగా గుర్తు. పంటి మీద ఆమ్లం పూసి, అరనిమిషం ఆగి, కడిగి, పన్ను సున్నం కొట్టినట్టు తెల్లగా మసకేసేదాకా గాలికొట్టి ఆరబెట్టాలి. అప్పుడు జిగురు. ఈ మధ్యలో ఒక్క ఉమ్మి చుక్క తగిలిందా, మొత్తం మళ్లీ మొదటికి. అవ్వకేమో మాట ఆగదు. బుగ్గల్ని పక్కకి లాగిపెట్టే ప్లాస్టిక్ చట్రం బిగించాం. అయినా గొంతులోంచే చెల్లెలి కథ చెబుతోంది. సొదం ఆమ్లం ఏడుసార్లు కడిగింది, ఏడుసార్లు ఆరబెట్టింది. జిగురు అద్దిన బ్రాకెట్‌ని పంటి మీద నొక్కి, చుట్టూ పొంగిన జిగురు గీకేసి, నీలి లైటు పెట్టి, అది 'కీ' అనేదాకా తను కూడా ఊపిరి బిగబట్టేది. ఇరవై సార్లు ఊపిరి బిగబట్టాక లేచి గోడ పట్టుకుంది.

చివరికి సన్నటి తీగ వేసి, రబ్బరు రింగులు తొడిగి, ఫొటోలు తీసి, 'తినకూడనివి' కాగితం చదివింది. ఎండు స్క్విడ్, పక్కటెముకల మాంసం, గట్టి బియ్యపు రొట్టెలు, యోట్.

"యోట్ చేస్తా. తినను," అంది అవ్వ. "రుచి మా చెల్లెలు చూస్తది. దాని నోరు ఎటూ ఖాళీగా ఉండదు."

సొదం చిటికెన వేలు చాపింది. అవ్వ తన చిటికెన వేలు మెలేసి, బొటనవేలితో ముద్ర కూడా వేసింది. ఆ బొటనవేలు యాభై ఏళ్ల వేడి పాకానికి గట్టిపడి, గేదె కొమ్ములా ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు మా విభాగం ఫోను ఆవిడదే.

"అమ్మాయ్, ఇయ్యాల మూడొందల పొట్లాలు కట్టా. ఒక్క ముక్క ముట్టలా."

"ఇరవై ఉన్నాయా అవ్వా?"

"నాలుకతో లెక్కపెట్టా. ఇరవై."

ప్రవేశ పరీక్ష ముందురోజు అయితే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ఫోను చేసింది. దేశంలో పిల్లలందరూ పెన్సిళ్లు చెక్కుకుంటుంటే మేం ఒక ముసలావిడ నోట్లో ఇనప ముక్కలు లెక్కపెడుతున్నాం. పరీక్ష అయిపోయింది, యోట్ సీజను అయిపోయింది, ఇరవై అలాగే ఉన్నాయి. సొదం మొదటిసారి రెండు గిన్నెల అన్నం తింది. టాక్ కూడా నోరు మూసుకున్నాడు. గండం గడిచినట్టే అనుకున్నాం. గండం ఎప్పుడూ మనం అలా అనుకున్నాకే కదా బయల్దేరేది.

తనిఖీ శుక్రవారం సాయంత్రం నాలుక్కి. దరఖాస్తు ఐదింటికల్లా పంపాలి. మూడూ యాభైకి అవ్వ వచ్చింది. గులాబీరంగు బట్టలో మూటకట్టిన పెట్టె ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కూర్చుంది. 'చలిగా ఉందా అవ్వా' అన్నాను. తలూపింది. 'బస్సు దొరికిందా' అన్నాను. తలూపింది. ఆవిడ మాట్లాడకుండా తలూపడం అంటే కొండ కదిలినట్టే.

"అవ్వా, నోరు తెరువు."

తెరవలేదు. కళ్లు నీళ్లతో నిండాయి.

"నిన్న డాక్టరమ్మ కోసం యోట్ చేశానమ్మాయ్," అంది పళ్లు కదపకుండా. "పరీక్షకి పోబోయే పిల్లకి నా చేతి యోట్ ఇయ్యకుండా ఉంటానా? ఊళ్లో పిల్లలందరి యోట్ చెల్లెలు రుచి చూస్తే సరిపోయింది. ఈ పిల్లది మాత్రం మనసొప్పలా. గట్టిదనం సరిపోయిందో లేదో, సరిగ్గా అతుక్కుంటదో లేదో నేనే చూసుకోవాల గదా. చిన్న ముక్క. ఇంత. కొరికా."

"కొరికితే?"

"బాగా అతుక్కుంది," అంది అవ్వ, ఏడుస్తూనే కొంచెం గర్వంగా.

రబ్బరు రింగుతో సహా బ్రాకెట్ యోట్‌కి అంటుకుని వచ్చేసిందట. ఆ వెనకబడ్డ పంటిదే. ఆవిడ ఏం చేసిందంటే, వేడినీళ్లలో యోట్ కరిగించి, బ్రాకెట్ కడిగి, కనుబొమలు పీకే పట్టకారు, చెల్లెలి చెప్పు అతికించడానికి కొన్న సూపర్ గ్లూ తీసుకుని, అద్దం ముందు కూర్చుంది. యోట్‌ని వెంట్రుకంత సన్నగా లాగిన వేళ్లవి. అతికించింది, తీగ దూర్చింది, రింగు కూడా తొడిగింది.

"ఎట్టా ఉందో అట్టానే పెట్టా. నువ్వు కూడా కనుక్కోలేవు."

"సూపర్ గ్లూ నోట్లో పెట్టుకున్నావా? నాలుక అంటుకుపోయి ఉంటే?"

"అంటుకుపోతే ఈ సంగతి చెప్పే బాధ తప్పేది."

తిట్టడానికి టైము లేదు. సొదాన్ని తలుపు పక్కకి లాగి రెండు ముక్కల్లో చెప్పాను. ఆమ్లం పూసిన పన్నులా తెల్లబడింది. తీసి మళ్లీ అతికించాలంటే పావుగంట కావాలి. నడవాలో అప్పటికే ప్రొఫెసర్ ప్యో గారి చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన వెనక మిగతా రెసిడెంట్లందరూ, తల్లి బాతు వెనక పిల్లల్లా.

ఆయన జేబులో పెన్నుంది. సొదం దరఖాస్తు అట్టకి పెట్టి పక్క బల్ల మీద ఉంచాను. కూర్చున్నారు, అద్దం తీసుకున్నారు, సన్నటి ముల్లుతో ఒక్కో బ్రాకెట్‌నీ తట్టడం మొదలుపెట్టారు. కింది వరస పది. "ఊఁ." పైన కుడివైపు ఐదు. "ఊఁ." ఎడమవైపు మొదటిది. రెండో దాని దగ్గర ముల్లు ఆగింది.

తట్టారు. కదల్లేదు. సూపర్ గ్లూ అని చెప్పకూడదుగానీ, బాగానే పట్టింది. ఆయన మొహం ఇంకా దగ్గరికి తీసుకెళ్లారు.

"డాక్టర్ బాన్, ఈ బ్రాకెట్‌కి రంగు చుక్క ఎక్కడుండాలి?"

"చిగుళ్లవైపు ఉండాలి, సర్."

"ఇక్కడ ఎక్కడుంది?"

నేనూ వంగి చూశాను. చుక్క కిందివైపు ఉంది. అవ్వ అన్నీ సరిగ్గా చేసింది, ఒక్కటి తప్ప. బ్రాకెట్‌ని తలకిందులుగా అతికించింది.

"తిరగేసి పెట్టావు," అన్నారు ప్రొఫెసర్ గారు. "ఎందుకు?"

మూడు నెలలుగా రాత్రనకా పగలనకా ప్రశ్నలకి జవాబులు బట్టీపట్టిన పిల్ల. ప్రశ్న వినపడితే చాలు, మనిషి నిద్రలో ఉన్నా జవాబు దానంతటదే వచ్చేస్తుంది. సొదం నోరు తెరిచింది, జవాబు బయటికొచ్చింది.

"ఈ పన్ను లోపలికి పడిపోయింది, సర్. తీగ లాగితే పంటి తల ముందుకొస్తుందిగానీ వేరు లోపలే ఉండిపోతుంది. బ్రాకెట్ తిరగేసి పెడితే, తర్వాత లావు తీగ వేసినప్పుడు వేరు కూడా ముందుకొచ్చి పన్ను నిటారుగా నిలబడుతుంది."

ప్రొఫెసర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. నేను ఆయన్ని పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను, పళ్లు కనిపించేలా నవ్వగా చూసింది తక్కువ. ఇప్పుడు నవ్వారు.

"విన్నారా? ఇది నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పన్ను చూసి తనే ఆలోచించింది. స్పెషలిస్టు అంటే ఇది. టాక్, నువ్వయితే ఏం చేసేవాడివి?"

"మామూలుగా పెట్టేసేవాణ్ణి, సర్."

"మామూలుగా పెట్టేసేవాడు," అంటూ ఆయన అట్ట ముందుకి లాక్కుని పెన్ను మూత తీశారు.

ఇక్కడ నా బుద్ధి కూడా చెప్పుకోవాలి. నోరు మూసుకో తల్లీ, ఒక్క నిమిషం నోరు మూసుకో అని నేను మనసులో వెయ్యి దణ్ణాలు పెట్టాను. అవ్వ అయితే రెండు చేతులతోనూ నోరు నొక్కుకుంది. పెన్ను కాగితం మీద ఆనింది. 'ప్యో'లో మొదటి గీత పడింది.

"సర్," అంది సొదం. గొంతు పిచ్చుకదే, మాట మాత్రం తిన్నగా వచ్చింది. "అలా ఆలోచించింది నేను కాదు, సర్. నేను మామూలుగానే పెట్టాను. మొదటిరోజు ఫొటోలో చుక్క పైనే ఉంటుంది. అది నిన్న ఊడిపోయింది. ఇప్పుడున్నది నేను అతికించింది కాదు."

"మరెవరు అతికించారు?"

"నేనే పెద్ద డాక్టరుగారూ," అంది అవ్వ వేళ్ల సందుల్లోంచి. "సూపర్ గ్లూ."

ఎవరి మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక అందరూ నా వైపు చూశారు. ఆ జిగురు నేనే అమ్మినట్టు. ప్రొఫెసర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. ఒక మిఠాయి దుకాణం ఆవిడ పనితనాన్ని ఆయన ఇందాకే ఎనిమిది మంది ముందు ఆకాశానికెత్తారు మరి. పెన్నుకి మూత పెట్టేశారు.

"ఎందుకు ఊడింది?"

"నా కోసం చేసిన యోట్ రుచి చూడబోతే," అంది సొదం.

"మిఠాయికి ఊడిందంటే ఆ రోజు ఎక్కడో ఉమ్మి తగిలి ఉంటుంది. సరిగ్గా అతికిస్తే చిన్న తీపి ముక్కకి ఊడదు. నిజం చెప్పావు, బాగుంది. కానీ ఆచారం ఆచారమే. వచ్చే ఏడు చూద్దాం."

సొదం తల వంచుకుని "అలాగే, సర్," అంది. దాని చెంప మీంచి కన్నీటి చుక్క జారి మాస్కులోకి పోయింది. నాకు ఆయన్ని కుర్చీతో సహా కిటికీలోంచి తోసెయ్యాలనిపించింది. కానీ నాకంటే ముందు వేరే మనిషికి రోషం వచ్చింది.

"ఏమన్నారు?" అవ్వ లేచి కూర్చుంది. చెయ్యి నోటి మీంచి దిగింది, అది ఆవిడకి తెలియనుకూడా లేదు. "చిన్న తీపి ముక్కా? మా అమ్మ చేసింది, మా అమ్మమ్మ చేసింది. నా యోట్‌ని పట్టుకుని తీపి ముక్క అంటారా? పిల్లని మీరేమన్నా అనుకోండి, అది మీ చేతికింద పిల్ల. నా యోట్‌ని అనొద్దు." గులాబీ మూట విప్పి, పెట్టె మూత తీసి, బియ్యప్పిండి చల్లిన తెల్లటి కడ్డీ ఒకటి ఆయన ముక్కు ముందు పెట్టింది. "ముందు కొరికి అప్పుడు మాట్లాడండి."

పెద్దావిడ రెండు చేతులతో ఇస్తే వద్దనడానికి లేదు. ప్రొఫెసర్ గారు రెండు చేతులతో అందుకున్నారు. కొరికారు, నమిలారు. "చూశారా," అనబోయారు. 'చూ' దగ్గరే ఆగిపోయారు.

'టక్' అని చిన్న చప్పుడు మా అందరికీ వినపడింది.

ఆయన మెల్లగా రెండు వేళ్లు నోట్లో పెట్టి, నమిలిన యోట్ ముద్ద బయటికి తీశారు. తెల్లటి ముద్ద మధ్యలో బంగారు పంటి తొడుగు మిలమిలా మెరుస్తోంది. అది మామూలు తొడుగు కాదు. ఆయన సహాధ్యాయి, ఇప్పుడు మా డీన్, స్వయంగా పెట్టింది. ఇరవై రెండేళ్లుగా వెంట్రుకవాసి కదల్లేదని ఏటా కొత్త రెసిడెంట్లకి నోరు తెరిచి మరీ చూపించే తొడుగు.

"సరిగ్గా అతికిస్తే," అన్నాడు టాక్ వెనకనుంచి, గోడతో చెబుతున్నట్టు, "చిన్న తీపి ముక్కకి..."

ఎవరో ముక్కుతో నవ్వారు. ఇంకొకరు దగ్గు నటించారు. అందరికంటే ముందు పగలబడింది మాత్రం ప్రొఫెసర్ గారే. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, యోట్ చేతికంటుకుని వదలక, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకోబోతే కనుబొమ అంటుకుని, మేమంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. ఆయన కనుబొమకి నేను తడిగుడ్డ పెట్టాల్సి వచ్చింది. కడుపు నొప్పెట్టేలా నవ్వి, కొంచెం తేరుకోగానే మళ్లీ ఆ బంగారం కేసి చూసి మళ్లీ నవ్వాం. సొదం ఏడుస్తోందో నవ్వుతోందో దానికే తెలియదు.

నవ్వు తగ్గాక ఆయన పట్టకారు అడిగారు. అవ్వ అతికించిన బ్రాకెట్‌ని ఒక్క పట్టులో పీకి, భూతద్దాల కళ్లజోడు పెట్టుకుని, ఆ పంటి మీదికి వంగారు. అప్పటికీ ఒక్కొక్క నవ్వు ఎక్కిళ్లలా వస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"డాక్టర్ బాన్, ఇటు రా. ఏం కనిపిస్తోంది?"

"నా జిగురు, సర్. పంటి మీదే ఉంది."

"ఎంత ఉంది?"

సొదం చాలాసేపు చూసింది. "మొత్తం. బ్రాకెట్ వెనక జల్లెడ ఉంటుంది కదా, సర్, దాని అచ్చు అంచుల దాకా ఉంది."

"ఉమ్మి తగిలితే జిగురు పంటి మీంచే పెచ్చులా లేచి రావాలి. ఇది పన్నుని వదల్లేదు. ఆవిడ యోట్ ఇనుముని జిగురులోంచి పీక్కుపోయింది, అంతే. నా బంగారమే ఆగలేదు, నీ ఇనుమేం ఆగుతుంది?" కళ్లజోడు తీశారు. "చూడకుండా మాటన్నాను. తప్పు నాది."

నేను పద్దెనిమిదేళ్లలో ఆయన నోట ఆ మాట వినలేదు. ఆ నోట్లో ఒక వెనక పన్ను బోసిగా ఉండటం వల్ల కొంచెం గాలి కూడా పోయింది.

"మీహ్వా గారూ, పొట్లాలు ఇవ్వండి. రెండు."

మొదటి పొట్లంలో అవ్వ బ్రాకెట్ వేశారు. "రాయండి. రాలినదాన్ని అతికించినవారి పేరు కదా మన ఆచారం? గో బొంగ్‌సిమ్, చాంగ్‌ప్యోంగ్." రెండో దాంట్లో బంగారు తొడుగు. పేరేం రాయాలో తెలిసినా, ఆయన నోటితో వినాలని పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఆయన గొంతు సవరించుకుని, డీన్ గారి పూర్తి పేరు, పదవితో సహా చెప్పారు. నేను గుండ్రటి అక్షరాలతో రాశాను.

టైము నాలుగూ ముప్పై ఐదు. ఆయన సగంలో ఆగిన సంతకం పూర్తిచేసి, "ఇప్పుడు నా ఎదురుగా అతికించు," అన్నారు సొదంతో.

సొదం కొత్త బ్రాకెట్ తీసింది. పాత జిగురు తీసి, ఆమ్లం పూసి, కడిగి, ఆరబెట్టింది. అవ్వ ఈసారి ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చింది. బ్రాకెట్ పంటి దగ్గరికి తెచ్చాక సొదం చెయ్యి ఆగింది, ఆయన వైపు చూసింది.

"చుక్క ఎటు, సర్?"

"నీకు తెలియదూ? ఇందాక నువ్వే కదా చెప్పావు, అంత బాగా."

సొదం బ్రాకెట్‌ని తలకిందులు చేసి పెట్టింది. నీలి లైటు 'కీ' అంది.

"అంటే నేను పెట్టిందే సరైనదా?" అంది అవ్వ, చట్రం తియ్యగానే. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం పెద్ద తప్పైంది. పళ్లు ఎలా సరిచెయ్యాలో పెద్దాసుపత్రి డాక్టర్లకి తనే నేర్పిందని ఆవిడ ఆ రోజునుంచి ఊరంతా చాటింపు వేస్తోంది.

దరఖాస్తు నాలుగూ యాభై రెండుకి పంపాను. తొడుగు మాత్రం మూడు రోజులు సీసాలోనే ఉంది. నాలుగో రోజు డీన్ గారు దేనికో వచ్చి, బల్ల దగ్గర నిలబడి, సీసా చేతిలోకి తీసుకుని చదవడం నేను తలుపు సందులోంచి చూశాను. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదుగానీ, ఇద్దరు ముసలివాళ్లు తన్నుకున్నంత పని చేశారు.

జనవరిలో సొదం పాసైంది. ఫలితం వచ్చిన ఆదివారం నన్నూ లాక్కుని చాంగ్‌ప్యోంగ్ వెళ్లింది. మంచు పడుతోంది. లోపల గదిలో పొయ్యి, ఆవిరి, పాకం వాసన. అవ్వ చెల్లెలు తన చోటు సొదానికి ఇచ్చేసి, పక్కన చతికిలబడి కబుర్లు మొదలుపెట్టింది. అవ్వ ఒక కొస, సొదం ఒక కొస పట్టుకుని కూర్చున్నారు. లాగడం, మడవడం, మళ్లీ లాగడం. పాకం ఎర్రటిది కాస్తా తెల్లబడుతోంది.

చెల్లెలు ఏం చెప్పిందో నాకు సగమే అర్థమైంది, ఎవరో పందిపిల్ల, ఎవరో పంచాయతీ ప్రెసిడెంటు. అవ్వ ముందు పెదవులు బిగించింది, పాత అలవాటు. ఎడమ భుజం పైకి లేవబోయింది. చెయ్యి యోట్‌లో ఉంది. అప్పుడింక ఆపుకోలేక నవ్వేసింది, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి. అలిగి గోడవైపు తిరిగిన ఆ పన్ను అప్పటికే సగం దూరం ఇటు తిరిగొచ్చింది.

సొదం లాగడం ఆపి ఆ నోట్లోకే చూస్తూ ఉండిపోయింది. పెదాలు కదులుతున్నాయి. ఏంటే అన్నాను.

"ఇరవై ఉన్నాయక్కా," అంది.